మైనస్ రెండు పేకెట్లు

నేను బడి మానేసిన రోజున మా లెక్కల మాస్టారు క్లాసంతటికీ బెల్లం పంచారని మా వీధిలో ఇప్పటికీ చెప్పుకుంటారు. అది శుద్ధ అబద్ధం. ఆయన పంచింది పటికబెల్లం. నాకూ ఒక ముక్క పెట్టి, ‘మళ్లీ రావు కదా?’ అని రెండుసార్లు అడిగి ఖాయం చేసుకున్నారు. అప్పటికి నాకు కూడికలు వచ్చు, తీసివేతలు వచ్చు. సున్నా దగ్గరికి వచ్చేసరికి లోకం ఆగిపోతుందని నా నమ్మకం. సున్నా కిందన కూడా అంకెలుంటాయని చెప్పే పాఠం మొదలవకముందే నేను గోడ దూకేశాను.

ఆ పాఠం నాకు కొట్లో దొరికింది. ఒరియావాళ్ల రాయగడ బజారులో ఒక తెలుగు సావుకారి హోల్‌సేల్ కిరాణా కొట్లో సరుకు చూసుకోవడం నా పని. లారీ వచ్చి ఆగీ ఆగకముందే మునిగుడ నుంచి, నారాయణపట్న నుంచి వచ్చిన చిల్లర కొట్లవాళ్లు మిరపకాయల బస్తాలు ఎత్తుకుపోతారు. వచ్చిన సరుకు కంప్యూటర్లో ఎక్కించకుండా పోయిన సరుకుకి బిల్లు కొట్టేస్తే, మిరపకాయల పేరు పక్కన ఎర్రటి అంకె పడుతుంది. దాని ముందు ఒక చిన్న అడ్డగీత. మైనస్ నాలుగు. అంటే మిరపకాయలు లేవని మాత్రమే కాదు, లేనిదాని కన్నా ఇంకో నాలుగు బస్తాలు తక్కువని. మొదట్లో ఇది చూసి పగలబడి నవ్వేవాణ్ణి. తరవాత అలవాటైపోయింది. ఎర్రగా ఒక అంకె, దాని ముందు గీత కనిపిస్తే చాలు, నా కళ్లే చదివేసుకుంటాయి. బుర్రను అడగవు.

మా ఆవిడ ప్రాణం ఆ గీత మీదకి వస్తుందని నేనెక్కడ అనుకున్నాను!

ఆవిడకి గర్భసంచిలో గడ్డ. నెలల తరబడి రక్తం పోతున్నా ఇంట్లో ఎవరికీ చెప్పకుండా లాక్కొచ్చింది. చివరికి ఒక ఉదయం పెరట్లో బిందె దించుతూ, బిందెతో పాటే కూలబడింది. ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్తుంటే పెదాలు సున్నం పూసినట్టున్నాయి. నాకు కంగారొస్తే నోరు ఆగదు. ‘ఇంత తెల్లగా పెళ్లిలో కూడా లేవే’ అన్నాను. నవ్వలేదు. దానికి నా మాటలకి నవ్వే ఓపిక లేకపోవడం నేను చూడ్డం అదే మొదలు.

డాక్టరమ్మ ఒరియా మనిషి. హిందీ కలిపి నాకు అర్థమయ్యేట్టు చెప్పారు. ముందు రక్తం, తరవాతే ఆపరేషన్. ఇంత తక్కువ రక్తం ఉన్న మనిషి మీద కత్తి పెట్టలేను. కనీసం రెండు పేకెట్లు కావాలి, సాయంత్రం దాకా ఆగే కేసు కాదు. నర్సు చీటీ రాసి చేతిలో పెట్టింది. గ్రూపు ఓ నెగెటివ్.

చీటీ జేబులో పెట్టుకుని కదలబోతుంటే మా ఆవిడ చేయి పట్టుకుంది. మంచం పక్కన ఒక ఇనప కుర్చీ ఉంది.

“కాసేపు కూకో.”

“కూకుంటే రక్తం వత్తదేటి?”

“బయంగా ఉందయ్యా.”

“వదిన ఉంది కదా. నానిప్పుడే వచ్చెత్తాను.”

వదిన అంటే మా ఆవిడ అక్క. ఆవిడ కుర్చీలో కూర్చోలేదు. కాళ్ల దగ్గర మంచం మీదే కూర్చుని పాదాలు రుద్దుతోంది. నేను వెళ్లిపోయాను.

రక్తనిధి అదే భవనంలో, వరండా చివరన. కిటికీ అద్దం మీద ఒరియాలో ఒక కాగితం అంటించి ఉంది: స్టాకు వివరాలకు బోర్డు చూడండి, ఇక్కడ అడగవద్దు. అద్దం వెనక కుర్చీ ఖాళీ. పైన గోడకి ఎర్రటి అక్షరాలు పాకే బోర్డు, బస్టాండులో ఉంటుందే అలాంటిది. కుడి నుంచి ఎడమకి అక్షరాలు పాకుతున్నాయి. స్వాగతం అంది. ఉమ్మి వేయవద్దు అంది. చేతులు శుభ్రంగా కడుక్కోండి అంది. పొగాకు హానికరం అంది. తల్లీ, నేను పొగాకు మానేస్తాను, చేతులే కాదు కావాలంటే తల కూడా కడుక్కుంటాను, రక్తం సంగతి చెప్పు! నా వెనక వార్డులో ఒక మనిషిలోంచి రక్తం కారిపోతుంటే ఈ బోర్డు నాకు శుభ్రత నేర్పుతోంది.

అప్పుడు వచ్చింది. ఏ పాజ్ -6. బి పాజ్ -9. ఓ పాజ్ -11. అన్నీ ఎరుపే. అన్నిటి ముందూ గీతే. మా గ్రూపు వచ్చేలోగా రెప్ప వేశానో ఏమో, దాటిపోయింది. మళ్లీ స్వాగతం, మళ్లీ ఉమ్మి, మళ్లీ చేతులు. రెండో విడతలో పట్టుకున్నాను.

ఓ నెగ్ -2.

దాని వెనకాలే ఇంకొకటి వెళ్లింది: ఏబీ నెగ్ -0. సున్నా ముందు గీత ఏ కొట్లో ఉంటుంది? ఏ సావుకారి కంప్యూటరూ మైనస్ సున్నా చూపించదు. ఆ ఒక్కదాని దగ్గర ఒక్క క్షణం ఆగి ఉంటే ఈ కథ లేదు. కానీ కంగారులో ఉన్నవాడు తన అంకె చూసుకుంటాడు గాని పక్కవాడి సున్నా చూడడు. ఆసుపత్రి మొత్తం మీద రక్తం లేదు, పైగా మా గ్రూపు లేనిదాని కన్నా రెండు పేకెట్లు తక్కువ. ఎవరి ఒంట్లోంచి తీసి ఎవరికి ఎక్కించేశారో అనుకున్నాను. ఇదీ నా చదువు.

నర్సుకి చెప్పాను, స్టాకు లేదని. నేను అంత గట్టిగా చెబితే ఆవిడ మాత్రం ఎందుకు అనుమానిస్తుంది? అయితే ఎవరినైనా దాతను తెండి, లేకపోతే కోరాపుట్‌లో చూడండి అంది.

జేకేపూర్ కాలనీలో కాగితం మిల్లులో పనిచేసే నా స్నేహితుడొకడిది అదే గ్రూపు. మాది రాజుల గ్రూపురా అని నా దగ్గర చాలాసార్లు కోతలు కోశాడు. కొట్టు వేను తీసుకుని వాడింటికి పోయాను. డ్యూటీకి వెళ్లబోతూ చొక్కా బొత్తాలు పెట్టుకుంటున్నాడు.

“ఒరే, సెయ్యి సాపు. నీ రాజుల రక్తం కావాల.”

సంగతి వినగానే వాడి మొహం మారిపోయింది. “నాకు మలేరియా వచ్చి మొన్ననే తగ్గింది రా. మిల్లులో రక్తదానం కేంపులో కూడా తిప్పి పంపేసేరు. తీసుకోరు.”

“తగ్గింది కదరా!”

“తగ్గినా తీసుకోరంట. నానేటి సేసీది? సెప్పు, నానేటి సేసీది?”

పాపం, నేను వాడి చొక్కా పట్టుకుని ఉన్నాను. వాడు విడిపించుకోలేదు. వాడి పెళ్లాం వచ్చి నా వేళ్లు ఒక్కొక్కటీ తీసింది.

ఇక కోరాపుట్ తప్ప దారి లేదు. వేను వెనక పసుపు బస్తాలు దింపకుండానే బయల్దేరాను. లక్ష్మీపూర్ దాటి ఘాటీ, అంటే కొండదారి, ఎక్కేసరికి ఫోను చచ్చిపోయింది. సిగ్నల్ గీతలన్నీ ఖాళీ. ఆ చిన్న బొమ్మను చదవడానికి నాకు ఏ మాస్టారూ అక్కర్లేదు. డీజిలు ముల్లు సంగతీ అంతే. కిందికి వాలితే అయిపోవస్తోందని, పైకి లేస్తే ఉందని. బండిలో ఎంత డీజిలుందో నాకు తెలుసు. మా ఆవిడలో ఎంత రక్తం ఉందో తెలీదు. ఆవిడ ఒంటికి కూడా బయటికి ఒక ముల్లు ఉంటే బావుణ్ణు, నెలల కిందటే చూసి ఉందును కదా అని ఆలోచిస్తూ నడిపాను. మలుపుల్లో లారీల వెనక ఇరుక్కున్నప్పుడల్లా హారను కొడుతూ, మొక్కని దేవుడు లేకుండా మొక్కాను. మొక్కులో కూడా వెధవ వేషాలే: దాన్ని బతికించు తండ్రీ, ఇక జన్మలో దాని కూర బాగులేదనను. ఆ తరవాత నాకే ఏడుపొచ్చింది. ఆ కూరలు నిజంగానే బాగోవు, వాటి కోసమే ఏడ్చాను.

కోరాపుట్ పెద్దాసుపత్రి రక్తనిధిలో బల్ల దగ్గర ఒక నడివయసావిడ ఉంది. తెలుగు వచ్చిన మనిషే. చీటీ చూసి తల అడ్డంగా ఊపింది.

“ఓ నెగెటివ్ మా దగ్గర ఒక్కటీ లేదు బాబూ. ఉండండి, రాయగడ అడుగుతాను.”

“నేనక్కణ్ణుంచే వత్తన్నానమ్మా. అక్కడ మైనస్ రెండు.”

“మైనస్ రెండేటి?”

“బోర్డు మీద సూసేను కదా. లేనిదానికన్నా రెండు తక్కువ.”

ఆవిడ నా మొహంలోకి ఒకసారి చూసి, ఫోను చేసింది. అవతల ఎవరో ఎత్తారు. ఒరియాలో రెండు ముక్కలు మాట్లాడి, ఫోను చెవి దగ్గరే ఉంచుకుని నా వైపు తిరిగింది.

“రెండున్నాయంట.”

“ఉన్నాయా, తక్కువున్నాయా?”

“రక్తం తక్కువుండడమేటయ్యా! ఫ్రిజ్‌లో రెండు పేకెట్లున్నాయి. పొద్దుట్నించీ ఉన్నాయి.”

ఆ ఫ్రిజ్‌కీ మా ఆవిడ మంచానికీ మధ్య ఒక వరండా. నేను ఘాటీ దాటి వచ్చాను. ఆ బల్ల ముందే కూర్చుండిపోయాను. ఆవిడ మాత్రం కూర్చోలేదు. చీటీ నా చేతిలోంచి లాక్కుని ఫోటో తీసి రాయగడకి పంపింది. వార్డు నుంచి శాంపిలు తెప్పించుకోమని, ఆ రెండూ ఇంకెవరికీ ఇవ్వద్దని చెప్పింది. రక్తం నా చేతికందే దూరంలో ఉండగా, అది ఇవ్వడానికి కావలసిన చీటీని నేను ఇంత దూరం మోసుకొచ్చానన్న సంగతి నాకు అప్పుడు తట్టింది.

తిరుగు దారి గురించి నేను ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడూ ఎక్కువ చెప్పను. మళ్లీ అదే ఘాటీ, అవే ఖాళీ గీతలు. రక్తం ఎక్కిందో లేదో తెలీదు. ఎక్కేలోగా ఏమైందో తెలీదు. ఒక చోట బండి ఆపి ఫోను పైకెత్తి రోడ్డు మధ్యన పిచ్చివాడిలా తిరిగాను. ఒక్క గీత వచ్చింది, పోయింది.

పొద్దువాలే వేళకి చేరాను. మంచం ఖాళీగా ఉంది. దుప్పటి కూడా లేదు. ఆ ఖాళీ మంచాన్ని నేను ఎలా చదివానో రాయను. వదిన ఆపరేషన్ గది బయట గోడకి ఆనుకుని ఉంది.

“లోపలికి తీసుకెల్లేరు. ఒకటెక్కింది. రెండోది ఇప్పుడే పట్టుకెల్లేరు.” “నువ్వు ఏ కొండలెక్కేవు మరిదీ, రత్తం ఈ గోడవతల పెట్టుకుని?”

ఆ మాట అంటూనే చీర చెంగుతో నా మొహం మీది పసుపు తుడిచింది.

ఆపరేషన్ అయితే అయింది. కానీ ఆలస్యమైంది, బీపీ బాగా పడిపోయింది, ఏ సంగతీ ఇప్పుడే చెప్పలేం అన్నారు డాక్టరమ్మ. మా ఆవిణ్ణి వేరే గదిలో పెట్టారు. పక్కన ఒక యంత్రం, దాని తెర మీద రంగురంగుల గీతలు, అంకెలు. పచ్చ అంకె పెరుగుతుంది. నీలం అంకె తగ్గుతుంది. ఏది పెరగాలి, ఏది తగ్గాలి? ఎక్కడ ఉంటే మంచిది? ఏదో ఒకటి కీచుమంటుంది, నర్సు నింపాదిగా వచ్చి ఆపేసి వెళ్లిపోతుంది. ఆ కీచుకి నా ప్రాణం పోయి, ఆవిడ నడకకి తిరిగొస్తుంది. ఇనప కుర్చీని ఆ గదిలోకీ తెచ్చారు. నేను దాంట్లో కూర్చోలేకపోయాను. ఒక బోర్డు తప్పు చదివి ఇంత చేశాను. ఇప్పుడు ఈ తెరను ఏమని చదవను?

అందుకని పారిపోయాను. ఎక్కడికంటే, రక్తనిధి బోర్డు దగ్గరికి.

ఆ బోర్డులో అక్షరాలు ఎక్కించే కంప్యూటర్ ఆపరేటరు మెట్ల కింద గదిలో కూర్చుంటాడు. కాంట్రాక్టు ఉద్యోగి, ఒరియావాడు, తెలుగు సినిమాలు చూసి తెలుగు నేర్చుకున్నాడు. నేను కొట్లాటకే వెళ్లాను.

“ఆ మైనస్ ఎందుకు పెట్టేవు?”

“మైనస్ కాదు భాయ్. అది గీత. గ్రూపుకీ అంకెకీ మధ్య గీత.”

“గీతకి అటూ ఇటూ జాగా ఉండాల కదా?”

“ముందు జాగాయే పెట్టాను. గీత లేదు. జనం రెండు చూసి, అది వెనకొచ్చే గ్రూపుది అనుకున్నారు. అందుకే గీతతో అంకెకి కట్టేశాను.”

కొట్లాడ్డానికి ఏమీ మిగల్లేదు. పాకే అక్షరాల్లో ఎవరి అంకె ఎవరిదో తెలీదన్న సంగతి వాడికి నాకన్నా ముందే తెలుసు. వాడి మందు వేరే రోగం తెచ్చింది, అంతే. నా కథ చెప్పాను. వాడు నన్ను బయటికి తీసుకొచ్చాడు. తరవాత హాల్లో టీకాల ప్రకటనలు ఆడే టీవీ చూపించి, బోర్డు బదులు దీన్ని ఇమ్మని ఆసుపత్రి పెద్దల్ని అడుగుదామా అన్నాడు.

పెద్దలు ఒప్పుకున్నారు. ఇద్దరం కూర్చున్నాం. వాడికి మొదటి నుంచీ చక్రం బొమ్మ మీద మోజు. గ్రూపులన్నీ ముక్కలు కోసిన గుండ్రం. బోర్డు మీది పాత అంకెలతో తయారుచేసి టీవీలో పెడితే చూడ్డానికి దోసెలా దివ్యంగా ఉంది. ఓ పాజిటివ్ సగం దోసె తినేసింది. మా గ్రూపు దోసె అంచున మాడిన చారలా ఉంది. ఏబీ నెగెటివ్ అసలు లేనే లేదు.

“అదెక్కడికెల్లింది?”

“సున్నా కదా. సున్నాకి ముక్క రాదు.”

“లేదన్న ముక్క కదా జనానికి ముందు కావాల్సింది!”

వాడు గడ్డం గోక్కుని చక్రం తీసేశాడు.

తరవాత నా తెలివి. ఘాటీలో డీజిలు ముల్లు చూసి నేర్చుకున్నాను కదా. పేకెట్టుకొక రక్తపు చుక్క బొమ్మ. ఉంటే ఎర్రగా నిండిన చుక్క, లేకపోతే ఖాళీ చుక్క. చదువు రానివాడైనా చుక్కలు లెక్కపెట్టుకుంటాడని మీసం దువ్వుకున్నాను. మర్నాడు పొద్దున్న ఒక పెద్దాయన చీటీ పట్టుకుని వచ్చి టీవీకేసి చూసి, ‘అంతా ఎర్రగా ఉంది, ఏదీ లేదంట’ అని గుమ్మం దిగిపోయాడు. నేనూ ఆపరేటరూ వెంటబడి గేటు దగ్గర పట్టుకున్నాం. ఎరుపంటే రక్తం ఉందని మేము. ఎరుపంటే ఆగు, లేదు అని ఆయన. ఎరుపు చూసి లేదనుకున్న నేనే, ఎరుపు పెట్టి ఉందని చెప్పబోయాను. ఆపరేటరు పోయి చుక్కలన్నీ తుడిచేశాడు.

ఆ రోజే వదిన వెతుక్కుంటూ వచ్చింది.

“నీ పెళ్లాం కళ్లు తెరిసింది. నీకోసం సూసింది. కుర్సీ సూసి మల్లీ మూసేసుకుంది.”

పరిగెత్తాను. నిద్రలో ఉంది. తెర మీద పచ్చ అంకె, నీలం అంకె. జ్వరం వచ్చింది, ఇంకా చూడాలి అన్నారు. కాసేపు మంచం పట్టి నిలబడి మళ్లీ టీవీ దగ్గరికి వచ్చేశాను. ఆ బోర్డు సరిచేస్తే ఈ గదిలోది కూడా సరవుతుందని నాలో ఎవడో ఒక మూర్ఖుడు నమ్ముతున్నాడు. వాణ్ణి నేను ఆపలేకపోయాను.

చివరికి, మరో రెండు రోజులకి తేలింది చాలా సాదా సంగతి. పాకడం లేదు. గ్రూపుకి గీటు గీసిన ఒక వరుస, ఎప్పుడు చూసినా అక్కడే. ఎడమన పెద్ద అక్షరాల్లో గ్రూపు, నెగెటివ్ అన్నది పూర్తి మాటగా. కుడి చివర అంకెకి పైన ఒరియాలో ఒక మాట: ఒఛి, లేదా నాహి. ఉంది, లేదు. ఒఛి అని ఒరియావాళ్లు అంటుంటే మా తెలుగు చెవులకి ‘వచ్చి’ అన్నట్టే ఉంటుంది. రక్తం ఉంటే వచ్చినట్టే కదా, అదీ ఒకందుకు మంచిదే. అంకె ఆ మాట కింద, పక్కన పేకెట్లు అని. రంగు ఒక్కటే, తెల్లటి తెర మీద నలుపు. సున్నా ఉన్న గ్రూపు కూడా తన వరుసలో తను నిలబడి నాహి అంటుంది. అడుగున, ఈ వివరం ఎప్పుడు మార్చారో ఆ వేళ. అన్నిటికన్నా కింద, ‘అనుమానం ఉంటే కిటికీలో అడగండి’. ఆ వాక్యం దగ్గరే వాడికీ నాకూ పెద్ద గొడవైంది. కిటికీలో వాళ్లు తిడతారని వాడు. తిడితే తిట్టించుకుంటాం, అడగనివ్వండి అని నేను. కిటికీ అద్దం మీది కాగితాన్ని నేనే గోకి పారేశాను.

కొత్త తెర పెట్టిన రోజు మధ్యాహ్నం నారాయణపట్న వైపు నుంచి ఒకాయన వచ్చాడు. చేతిలో చీటీ, కాళ్లకి మట్టి, నా మొహం లాంటి మొహం. టీవీ ముందు నిలబడి పెదాలు కదిపాడు. వరుస మీద వేలు గాల్లోనే నడిపించి, నేరుగా కిటికీ దగ్గరికి పోయి చీటీ లోపలికి చాచాడు. అంతే. ఎక్కడికీ పరిగెత్తలేదు. ఆపరేటరు నా వీపు మీద ఒక్కటిచ్చాడు.

ఆ ఊపున గదికి పరిగెత్తాను. యంత్రం తీసేశారు. మా ఆవిడ తలగడ ఎత్తుగా పెట్టుకుని కళ్లు తెరిచి ఉంది. వదిన గంజి తాగిస్తోంది. జ్వరం పొద్దున్నే దిగిందట, నాకు ఎవరూ చెప్పలేదు. చెబుదామంటే నేనెక్కడున్నాను? నిలబడే మొదలెట్టాను. మైనస్ రెండు, కోరాపుట్ బల్ల, మాడిన దోసె, ఎర్ర చుక్కలు, ఒఛి, నాహి, నారాయణపట్న మనిషి. చేతులూపుతూ అంతా చెప్పాను. ఆ తెరలో ఇప్పుడు ఏ ఎర్రి మొహమైనా ఏది ఉందో ఏది లేదో ఒక్క చూపులో చెప్పేస్తాడే అన్నాను.

ఆవిడ గంజి మింగి, గ్లాసు అక్కకిచ్చి, మంచం పక్కనున్న ఇనప కుర్చీ కేసి చూసింది.

“ఆ బోర్డు సంగతి నాకు తెల్దయ్యా. ఈ కుర్సీలో మాత్రం ఇన్నాళ్లూ మైనస్ ఒకటి. అది సదవడానికి నాకు ఏ టీవీ అక్కర్లేకపోయింది.”